హెర్-2 పాజిటివ్ అంటే ఏంటి? కణం గుమ్మంలో ఉండే రిసెప్టర్ల గురించి మీ ప్రశ్నలు

పోయిన నెల బయాప్సీ రిపోర్టు ఎలా చదవాలో రాశాక వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాట చుట్టూ ఉన్నాయి. రిసెప్టర్. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే. నేను పాథాలజిస్టుని, అంటే మీ బయాప్సీ ముక్కని మైక్రోస్కోప్ కింద చూసి రిపోర్టు రాసేదాన్ని. మందుల డోసులు మీ ఆంకాలజిస్టే (క్యాన్సర్ డాక్టరే) చెప్పాలి, రిపోర్టులో ఆ మాటలు ఎందుకున్నాయో మాత్రం నేను చెప్పగలను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి 58 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ వస్తే బయాప్సీ చేశారు. రిపోర్టులో ఈఆర్ నెగెటివ్, పీఆర్ నెగెటివ్, హెర్-2 3 ప్లస్ అని ఉంది. మా పిన్ని ఎవర్నో అడిగితే హెర్-2 పాజిటివ్ అంటే బాగా ముదురు రకం, త్వరగా పాకేస్తుంది అన్నారట. అప్పట్నుంచీ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అసలు ఈ హెర్-2 ఏంటి, మా అమ్మ ఒంట్లోకి ఎలా వచ్చింది? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: ముందు మీ రెండో ప్రశ్నకి చెప్తానమ్మా. అది ఎక్కణ్నుంచీ రాలేదు. మీ అమ్మగారు పుట్టకముందు నుంచే ఆవిడలో ఉంది, మీలో ఉంది, నాలోనూ ఉంది. హెర్-2 అనేది కణం పైపొరలో గుచ్చుకుని ఉండే ఒక ప్రోటీన్. కొంత భాగం కణం బయటికి, కొంత లోపలికి ఉంటుంది. బయట నుంచి కబురు వస్తే లోపలికి చేరవేయడమే ఇలాంటి ప్రోటీన్ల పని, అందుకే వీటిని రిసెప్టర్లు అంటాం, తెలుగు పాఠ్యపుస్తకాల్లో గ్రాహకాలు అని ఉంటుంది.

కత్తిపీట మీద కూర తరుగుతుంటే వేలు తెగిందనుకోండి. రక్తం గడ్డకట్టే చోట చేరే ప్లేట్‌లెట్లు, చుట్టుపక్కల కణాలు కొన్ని ప్రోటీన్లని వదుల్తాయి, వాటిని గ్రోత్ ఫ్యాక్టర్లు అంటారు. అవి వెళ్లి గాయం అంచున ఉన్న చర్మకణాల రిసెప్టర్లకి అతుక్కుంటాయి. అతుక్కోగానే పక్కపక్కన ఉన్న రెండు రిసెప్టర్లు జత కడతాయి, లోపలి వైపు తోకలు ఒకదాన్నొకటి రగిలించుకుంటాయి, ఆ కబురు ఒక ప్రోటీన్ నుంచి ఇంకో ప్రోటీన్‌కి అందుకుంటూ కణకేంద్రకం దాకా వెళ్తుంది, ‘విభజన మొదలుపెట్టు’ అని. వారం పది రోజుల్లో చర్మం పూడుకుంటుంది. పని అయ్యాక కణం ఆ రిసెప్టర్లని లోపలికి లాక్కుని ముక్కలు చేసేస్తుంది. నాకు ఈ ఆపడం అనే భాగమే పెద్ద విశేషంగా అనిపిస్తుంది. గాయం పూడటం అందరూ గమనిస్తారు కానీ పూడాక చర్మం అక్కడితో ఆగిపోవడం ఎవరూ గమనించరు, అది ఆగకపోవడమే మా దగ్గరికొచ్చే జబ్బు.

ఈ గ్రోత్ ఫ్యాక్టర్లలో ఒకదాన్ని స్టాన్లీ కోహెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఎలుకల లాలాజల గ్రంథుల్లో పట్టుకున్నారు. ఆ గ్రంథుల రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకి ఇస్తే, రెండు వారాలకి తెరుచుకోవాల్సిన కళ్లు వారానికే తెరుచుకున్నాయట, పళ్లు కూడా తొందరగా వచ్చాయట. దానికి 1986లో నోబెల్ వచ్చింది. (దెబ్బ తగిలితే ఉమ్మి రాయడం మన ఊళ్లలో చూసే ఉంటారు. ఉమ్మిలో ఆ పదార్థం ఉన్నమాట నిజమే కానీ బోలెడు బ్యాక్టీరియా కూడా ఉంటుంది, కాబట్టి ఆ పని చేయకండి.) ఆ పదార్థం అతుక్కునే రిసెప్టర్ పేరు ఈజీఎఫ్ఆర్, దాని తోబుట్టువే మన హెర్-2. నలుగురున్న కుటుంబం ఇది. మిగతా వాటికి బయట నుంచి ఏదో ఒకటి వచ్చి అతుక్కోవాలి, హెర్-2కి అలాంటిదేదీ అక్కర్లేదు, అది ఎప్పుడూ చెయ్యి చాపుకుని జతకి సిద్ధంగా ఉంటుంది. మామూలు రొమ్ము కణం మీద ఇవి సుమారు 20 వేలు ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు.

మీ అమ్మగారి గడ్డలో జరిగింది ఏంటంటే, 17వ క్రోమోజోమ్ మీద ఉండే హెర్-2 జన్యువు ఏదో ఒక కణంలో పొరపాటున రెండు కాపీలకి బదులు పదో ఇరవయ్యో అయిపోయింది. జన్యువు కాపీలు పెరిగితే ప్రోటీన్ పెరుగుతుంది. అలాంటి కణం మీద రిసెప్టర్లు 20 లక్షల దాకా ఉండొచ్చు. పండగ ముందు రోజు బస్టాండులో ఒకరి భుజం ఒకరికి తగలకుండా నడవలేం కదా, అలాగే అన్ని లక్షలు కిక్కిరిసి ఉంటే ఎవరూ పిలవకుండానే వాటంతటవే జతలు కట్టేస్తాయి. గాయం లేదు, కబురు లేదు, అయినా కణం లోపల ‘విభజించు, విభజించు’ అని మోగుతూనే ఉంటుంది. పైగా హెర్-2 మిగతా రిసెప్టర్లలా త్వరగా లోపలికి వెళ్లి ముక్కలైపోదు, పైపొర మీదే ఉండిపోతుంది.

స్లైడు మీద ఇది ఎలా కనిపిస్తుందో చెప్తాను. హెర్-2కి అతుక్కునే యాంటీబాడీ వేసి, దానికి గోధుమ రంగు వచ్చేలా చేస్తాం. కేంద్రకాలు నీలంగా ఉంటాయి. గోధుమ రంగు ఎంత ఉందో చూసి 0 నుంచి 3 ప్లస్ దాకా స్కోరు వేస్తాం. 3 ప్లస్ అయితే ప్రతి కణం చుట్టూ దట్టమైన గోధుమ గీత పూర్తిగా తిరిగి ఉంటుంది, స్లైడంతా చేపల వల పరిచినట్టే ఉంటుంది. అదే స్లైడులో ఓ మూల మామూలు పాలనాళం మిగిలి ఉంటే దాని కణాలు తేలిక నీలంగా ఉంటాయి, గోధుమ గీత ఉండదు. ఆ రెండూ పక్కపక్కన చూస్తే నేను పైన రాసిన అంకెలన్నీ కంటికే తెలిసిపోతాయి. ఒకవేళ మామూలు నాళం కూడా ముదురు గోధుమ రంగులో ఉంటే గడ్డని నమ్మకూడదు, టెస్టు చెడిందని అర్థం, మళ్లీ చేయాలి.

ఇక మీ పిన్నిగారు విన్న మాట. అది అబద్ధం కాదు, పాతది. 1987లో అమెరికన్ డాక్టరు డెనిస్ స్లామన్ బృందం 189 గడ్డల్ని పరీక్షించి, సుమారు 30 శాతం గడ్డల్లో ఈ జన్యువు కాపీలు పెరిగి ఉన్నాయనీ, ఆ స్త్రీలకి జబ్బు త్వరగా తిరగబెడుతోందనీ చూపించింది. (ఇప్పటి లెక్కల ప్రకారం రొమ్ము క్యాన్సర్లలో 15 నుంచి 20 శాతం ఈ రకం.) అప్పట్లో ఇది నిజంగా చెడ్డ వార్త. కానీ ఏది ఎక్కువైందో తెలిసింది కాబట్టే దానికి అడ్డం వేయడానికి వీలైంది. 1998లో ట్రాస్టుజుమాబ్ వచ్చింది, మీ ఆంకాలజిస్టు హెర్సెప్టిన్ అనొచ్చు. అది హెర్-2 బయటి భాగానికి అతుక్కుని కబురు ఆపుతుంది, పైగా మన రోగనిరోధక కణాలకి ‘ఇదిగో ఇక్కడ’ అని గుర్తు పెడుతుంది. 2005లో తొలిదశ జబ్బు మీద పెద్ద ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి, కీమోతో పాటు ఇది ఇస్తే జబ్బు తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది.

ఇప్పుడు చాలామందికి ఆపరేషన్‌కి ముందే ఈ మందులు ఇస్తున్నారు. ఆపరేషన్ అయ్యాక ఆ రొమ్ము భాగం మా దగ్గరికే వస్తుంది. గడ్డ ఉన్న చోటుని సన్నగా కోసి, డజన్ల కొద్దీ స్లైడ్లు చేసి వెతుకుతాం. ఎన్నో కేసుల్లో మచ్చ తప్ప ఒక్క క్యాన్సర్ కణం కూడా దొరకదు. మీ అమ్మగారిలా ఈఆర్ నెగెటివ్, హెర్-2 పాజిటివ్ ఉన్నవాళ్లలో ఇది మరీ ఎక్కువగా చూస్తాం. ‘గడ్డ మిగల్లేదు’ అని రిపోర్టు రాసే రోజు మా ల్యాబులో అందరికీ సంతోషమే. మీ అమ్మగారి విషయంలో ఏమవుతుందో గడ్డ సైజు, చంకలో గ్రంథులకి పాకిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది, అది నేను ఉత్తరం చూసి చెప్పలేను. కానీ 3 ప్లస్ అన్న మాట చూసి నిద్ర మానేయాల్సిన పని లేదు, ఆ మాట మీ అమ్మగారికి ఒక మంచి మందు దారి తెరిచింది.

అన్నట్టు ఈఆర్ (ఈస్ట్రోజెన్ రిసెప్టర్), పీఆర్ (ప్రొజెస్టెరాన్ రిసెప్టర్) కూడా రిసెప్టర్లే కానీ అవి కణం పైన ఉండవు. ఈస్ట్రోజెన్ కొవ్వులో కరిగే హార్మోను, పైపొర దాటి నేరుగా లోపలికి వెళ్లిపోతుంది, దాని రిసెప్టర్ ప్రధానంగా కేంద్రకంలో ఉంటుంది. అందుకే ఆ స్లైడుల్లో గీతలు కాదు, కేంద్రకాలే గోధుమ రంగులోకి మారతాయి.

ప్రశ్న: నా భార్యకి హెర్-2 2 ప్లస్ అని, ‘అనిశ్చితం, ఫిష్ చేయించండి’ అని రాశారు. అది ఇంకో ఖర్చు. కీమో ఎలాగూ ఇస్తారు కదా, ఆ టెస్టు మానేస్తే ఏమవుతుంది? (నిజామాబాద్)

జవాబు: దయచేసి మానకండి. 2 ప్లస్ అంటే కొంచెం పాజిటివ్ అని కాదు, గోధుమ గీత కనిపిస్తోంది కానీ 3 ప్లస్ అనేంత దట్టంగా లేదు, కంటితో తేల్చలేకపోతున్నాం అని మేం ఒప్పుకోవడం. అప్పుడు ప్రోటీన్‌ని వదిలేసి నేరుగా జన్యువు కాపీలని లెక్కపెడతాం, అదే ఫిష్. చీకటి గదిలో, ఫ్లోరసెంట్ మైక్రోస్కోప్ కింద ప్రతి కేంద్రకంలో 17వ క్రోమోజోమ్‌కి ఒక రంగు చుక్క, హెర్-2 జన్యువుకి ఇంకో రంగు చుక్క వెలుగుతాయి. కనీసం ఇరవై కణాలు లెక్కపెట్టాలి. మామూలుగా అవి రెండూ రెండు రెండే. జన్యువు పెరిగిన చోట ఎర్ర చుక్కలు దానిమ్మ గింజల్లా గుత్తిగా కనిపిస్తాయి. హెర్-2 చుక్కలకీ 17వ క్రోమోజోమ్ చుక్కలకీ ఉన్న నిష్పత్తి 2 లేదా అంతకంటే ఎక్కువ ఉండి, హెర్-2 కాపీలు కణానికి సగటున 4 లేదా అంతకు మించి ఉంటే పాజిటివ్. అప్పుడు మీ భార్యకి ట్రాస్టుజుమాబ్ పనికొస్తుంది, లేకపోతే ఏడాది పాటు ఆ ఖర్చు, ఆ సైడ్ ఎఫెక్టులు అక్కర్లేదు. రెండు వైపులా నష్టం ఉన్న చోట ఊహ మీద వెళ్లకూడదండి.

ఇంకో మాట, ఇది నాకు కడుపు మండే విషయం. ఒకసారి ఒక బయాప్సీ ముక్క మాకు ఖాళీ మాత్రల సీసాలో, సెలైన్‌లో వేసి వచ్చింది. ముందు రోజు సాయంత్రం తీసిందట. సెలైన్‌లో కణాలు పాడవుతూనే ఉంటాయి, పైపొరలు చెదిరిపోయి మసకగా తయారయ్యాయి, హెర్-2 ఉందో లేదో చెప్పడం మావల్ల కాలేదు. ఆ తల్లికి రెండోసారి సూది గుచ్చాల్సి వచ్చింది. ముక్క తీసిన గంటలోపు, అది పాడవకుండా ఉంచే ఫార్మలిన్‌లో పడాలి, ముక్కకి కనీసం పదింతల ఫార్మలిన్ ఉండాలి, అందులో 6 గంటలకి తక్కువ కాకుండా, 72 గంటలకి మించకుండా ఉండాలి. సీసా చేతికిచ్చి ల్యాబుకి తీసుకెళ్లమంటే ‘ఇది ఫార్మలినేనా, ఎన్నింటికి వేశారు?’ అని అడగండి, సీసా మీద టైము రాయించుకోండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. ఫిష్ కోసం మైనపు బ్లాకు (మీ ముక్కని మైనంలో పొదిగి దాచిన దిమ్మ) కావాలి, అది మొదటి ల్యాబులోనే ఉంటుంది, సంతకం పెట్టి తీసుకోవచ్చు, జాగ్రత్తగా తిరిగి ఇచ్చేయండి.

ప్రశ్న: హెర్-2 అందరి కణాల్లో ఉంటుందని చదివాను. మరి ఆ ఇంజెక్షన్ మంచి కణాల్ని కూడా పాడు చేయదా? మా అత్తకి ప్రతి మూడు నెలలకీ గుండె ఎకో తీయించమంటున్నారు, గుండెజబ్బు ఏమీ లేదు. (డిగ్రీ విద్యార్థి, వరంగల్)

జవాబు: రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే. కడుపులో బిడ్డ గుండె ఏర్పడేటప్పుడు హెర్-2 తప్పనిసరి. ఆ జన్యువు పూర్తిగా తీసేసిన ఎలుక పిండాలు గుండె సరిగా ఏర్పడక తల్లి కడుపులోనే చనిపోయాయి. పెద్దయ్యాక కూడా గుండె కండరకణాలు ఒత్తిడికి తట్టుకుని బాగుపడటానికి ఇదే రిసెప్టర్‌ని వాడుకుంటాయి. కాబట్టి మందు క్యాన్సర్ కణం నోరు మూసినప్పుడు గుండెకి అందాల్సిన కబురు కూడా కొంత తగ్గుతుంది.

దీన్ని వైద్యలోకం కష్టంగానే నేర్చుకుంది. 2001లో ప్రచురించిన మొదటి పెద్ద ట్రయల్లో డాక్సోరుబిసిన్ రకం కీమో, ట్రాస్టుజుమాబ్ కలిపి ఇచ్చిన వాళ్లలో 27 శాతం మందికి గుండె పనితీరు దెబ్బతింది. ఆ కీమో గుండెని గాయపరుస్తుంటే, బాగుచేసుకునే దారిని ఈ మందు అడ్డుకుంది. అందుకే ఇప్పుడు ఆ రెండూ సాధారణంగా ఒకేసారి ఇవ్వరు. ఒక్క ట్రాస్టుజుమాబ్ వల్ల గుండె పంపింగ్ తగ్గితే ఎక్కువ మందిలో మందు ఆపాక కోలుకుంటుంది, కానీ ముందే పట్టుకోవాలి. మొదట్లో ఆయాసం ఉండకపోవచ్చు, ఎకోలోనే తెలుస్తుంది. మీ అత్తయ్యని ఒక్క ఎకో కూడా మిస్ కానివ్వకండి. మెట్లెక్కితే కొత్తగా ఆయాసం, పాదాల వాపు, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం లాంటివి ఉంటే మూడు నెలలు ఆగక్కర్లేదు, ఆ రోజే చెప్పండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను, నాన్నగారు గుంటూరులో. ఆయన జీవితంలో ఒక్క సిగరెట్ కాల్చలేదు, అయినా ఊపిరితిత్తుల క్యాన్సర్. ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ ఉందని మాత్ర మొదలుపెట్టారు. మొహం, ఛాతీ మీద మొటిమల్లా పొక్కులు లేచాయి, ఫోన్లో చూస్తే టెన్షన్‌గా ఉంది. నాన్న స్నేహితుడికి పేగు క్యాన్సర్, ఆయనకి కూడా ‘ఈజీఎఫ్ఆర్ మందు’ ఇవ్వాలా అని చూసి, టెస్టు చేసి పనికిరాదన్నారట. ఎందుకలా?

జవాబు: మీ నాన్నగారికి పొలంలో బోరు ఉండి ఉంటే ఆయనకి ఇలా చెప్పండి. ఈజీఎఫ్ఆర్ మోటారు స్టార్టర్ లాంటిది. బటన్ నొక్కితే మోటారు తిరగాలి, వదిలి ఆపితే ఆగాలి. పైన చెప్పిన హెర్-2 కథలో స్టార్టర్లు లెక్కకి మించి ఉన్నాయి. మీ నాన్నగారి కణాల్లో స్టార్టర్ల సంఖ్య సంగతి కాదు, బటనే లోపలికి ఇరుక్కుపోయింది, ఎవరూ నొక్కకపోయినా మోటారు తిరుగుతూ ఉంటుంది. ఈ జన్యు మార్పులు (మ్యుటేషన్లు) 2004లో బయటపడ్డాయి, సిగరెట్ ముట్టని వాళ్లలో, ఆసియా వాళ్లలో, ఆడవాళ్లలో ఎక్కువ. మాత్ర రిసెప్టర్ లోపలి వైపు దూరి ఆ ఇరుక్కున్న చోటే అడ్డం పడుతుంది.

స్నేహితుడి విషయం వేరు. స్టార్టర్ పాడైతే మన వాళ్లు వైర్లు కలిపి డైరెక్ట్ ఇచ్చేస్తారు చూశారా, కేరాస్ అనే జన్యువులో మార్పు వస్తే అదే జరుగుతుంది. కబురు అందుకునే వరసలో అది రిసెప్టర్‌కి దిగువన ఉంటుంది. అక్కడ డైరెక్ట్ అయిపోయాక పైన స్టార్టర్‌ని ఎంత గట్టిగా పట్టుకున్నా మోటారు ఆగదు. పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 40 శాతం మందిలో ఈ మార్పు ఉంటుంది. పనికిరాదని ముందే తేల్చి చెప్పారంటే ఆయన డాక్టరు సరైన పనే చేశారు.

పొక్కులు ఎందుకంటే చర్మం తనని తాను మార్చుకుంటూ ఉండటానికి వాడేది కూడా ఈజీఎఫ్ఆర్‌నే. కొందరికి విరేచనాలు, గోళ్ల అంచులు వాచి నొప్పి పుట్టడం కూడా ఇందుకే. అవి మామూలు మొటిమలు కావు, అంటుకునేవి కావు. మొటిమల క్రీములు రాస్తే చర్మం ఇంకా ఎండిపోతుంది. మాయిశ్చరైజర్ రాయాలి, ఎండలో తిరగకూడదు, ఫోటోలు తీసి ఆంకాలజిస్టుకి పంపండి, అవసరమైతే మందు ఇస్తారు. ముఖ్యంగా నాన్నగారు పొక్కులు చూసి తనంతట తాను మాత్ర ఆపేయకుండా చూసుకోండి.

ప్రశ్న: హెర్-2 పాజిటివ్ వంశపారంపర్యమా, నా కూతురికి వస్తుందా? పసుపు, వెల్లుల్లి తింటే ఈ రిసెప్టర్లు తగ్గుతాయా? (కాకినాడ)

జవాబు: జన్యువు కాపీలు పెరిగింది గడ్డ కణాల్లో మాత్రమే, మీ అండాల్లో కాదు. కూతురికి హెర్-2 పాజిటివ్ అనేది మీ నుంచి వెళ్లదు. వంశంలో వచ్చే, బీఆర్‌సీఏ అనే జన్యువుల్లోని మార్పులు వేరే సంగతి. ఇంట్లో ఇంకెవరికైనా రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చి ఉంటేనో, మీకు చిన్న వయసులో వచ్చి ఉంటేనో జెనెటిక్ కౌన్సెలింగ్ అడగండి. పసుపు, వెల్లుల్లి కూరలో వేసుకోండి, రిసెప్టర్లు తగ్గవు. గుళికల రూపంలో ఎక్కువెక్కువ మోతాదులో తింటుంటే మాత్రం డాక్టరుకి చెప్పకుండా ఉండకండి.

ప్రశ్న: 2019లో నా రిపోర్టు ఈఆర్ పాజిటివ్, హెర్-2 1 ప్లస్, నెగెటివ్. ఇప్పుడు జబ్బు కాలేయానికి పాకింది. హార్మోను మాత్రలు పనిచేయడం మానేశాయి, ఒక కీమో కూడా అయింది. ఇప్పుడు కొత్త డాక్టరు ‘మీకు హెర్-2 మందు పనిచేయొచ్చు’ అంటున్నారు. అప్పుడు లేనిది ఇప్పుడెలా వచ్చింది? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: అప్పుడూ ఉందమ్మా, కొద్దిగా. 1 ప్లస్ అంటే సన్నని, అరకొర గోధుమ గీతలు. కబురు ఆపే మందుకి ఆ కొద్దిపాటి రిసెప్టర్లు చాలవు, ఎందుకంటే మీ గడ్డ పెరుగుతున్నది హెర్-2 వల్ల కాదు. అందుకే అప్పుడు నెగెటివ్ అన్నారు, అది తప్పు కాదు.

కొత్త మందు ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ ఆలోచనే వేరు. ట్రాస్టుజుమాబ్ ఒక యాంటీబాడీ, ఒక్కోదానికి సుమారు ఎనిమిది కీమో అణువులు తగిలించారు. దానికి రిసెప్టర్ కావాల్సింది లోపలికి వెళ్లే దారి కోసమే. కణం రిసెప్టర్‌ని లోపలికి లాక్కుంటుందని పైన రాశాను కదా, హెర్-2ని కూడా నెమ్మదిగానైనా లాక్కుంటుంది, దాంతోపాటు కీమో కూడా లోపలికి పోతుంది, అక్కడ విడిపోయి కణాన్ని చంపుతుంది, పక్క కణాల్లోకీ పాకుతుంది. 2022లో వచ్చిన ట్రయల్ ఫలితాల్లో మీలాంటి వాళ్లు, అంటే హెర్-2 తక్కువగా ఉండి హార్మోను రిసెప్టర్ పాజిటివ్ ఉన్నవాళ్లు, మామూలు కీమోతో మధ్యస్థంగా 17.5 నెలలు జీవిస్తే ఈ మందుతో 23.9 నెలలు జీవించారు. ఆ అంకె చూసి మీకు ఏమనిపిస్తుందో నేను ఊహించగలను. అది మధ్యస్థం, సగం మంది అంతకంటే ఎక్కువ కాలం ఉన్నారు.

ఊపిరితిత్తుల్లో వాపు దీనికి ఉన్న ముఖ్యమైన ప్రమాదం, కొత్తగా పొడిదగ్గు వచ్చినా వెంటనే ఫోన్ చేయాలి. ఖరీదు చాలా ఎక్కువే. 2024 జులై బడ్జెట్‌లో దీని మీద కస్టమ్స్ సుంకం తీసేశారు, అయినా మామూలు ఇంటికి భారమే, కంపెనీ సహాయ పథకాలు ఉన్నాయేమో ఆసుపత్రిలో అడగండి. పాత ట్రాస్టుజుమాబ్ కూడా ఒకప్పుడు అందనంత ఎత్తులోనే ఉండేది. 2014లో బెంగళూరు బయోకాన్ వాళ్ల బయోసిమిలర్ (అసలు మందుని పోలి, అలాగే పనిచేసే మందు) మార్కెట్లోకి వచ్చింది, తర్వాత ఇంకొన్ని కంపెనీలవి వచ్చాయి, ధర దిగింది.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒకటుంది. 2019లో 0కీ 1 ప్లస్‌కీ తేడా ఎవరికీ పెద్దగా అక్కర్లేదు, రెండూ నెగెటివే కాబట్టి. ఇప్పుడు ఈ మందు ఇవ్వాలా అని చూసేటప్పుడు ఆ తేడా ముఖ్యం. ఆ పాత స్లైడ్లు, మైనపు బ్లాకు తెప్పించి మళ్లీ చదివించండి. కాలేయం నుంచి కొత్త ముక్క తీయడం కుదిరితే దాని మీద కూడా హెర్-2 చేయమనండి, ఎందుకంటే పాకిన చోట ఒక్కోసారి స్కోరు మారుతుంది. బ్లాకు దొరక్కపోతే కంగారు పడకండి, ఆ ల్యాబుకి మీ బయాప్సీ నంబరు చెప్పండి, రిపోర్టు పైన కుడివైపో ఎడమవైపో ఉంటుంది, దాంతోనే వెతుకుతారు.